తెలియనివాళ్ళతో సింహాచలం నడక: శ్రీకాకుళం నుంచి బయల్దేరేవాళ్ళకు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది పాలకొండ, ఉద్యోగం హైదరాబాదులో, వయసు 36. అమ్మగారికి ఆపరేషన్ బాగా జరిగితే శ్రీకాకుళం నుంచి నడిచి వస్తానని సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నారు. ఇంట్లో తోడు వచ్చేవాళ్ళు లేరు. ఫోన్లో పరిచయమైన ఏడుగురు ఆషాఢ పౌర్ణమికి నడిచి వెళ్తున్నారట. వాళ్ళతో కలవనా వద్దా, కాళ్ళు తట్టుకుంటాయా, మధ్యలో ఆగిపోతే మొక్కు తప్పినట్టేనా అని అడిగారు.

మాది విజయనగరం, అత్తవారిది శ్రీకాకుళం. ఈ దారిలో 9 సార్లు నడిచాను. మొదటిసారి మా బావమరిదితో వెళ్ళాను. ఎచ్చెర్ల దాటకుండానే మాటామాటా వచ్చి ఇద్దరం రోడ్డుకు చెరో పక్కన నడిచాం. కాబట్టి తెలిసినవాళ్ళయితే బాగుంటుందన్న భ్రమ నాకు లేదు. రెండో ఏడు ఒక్కడినే బయల్దేరాను. నాగావళి వంతెన దగ్గర టీ తాగుతుంటే భుజాన సంచులు వేసుకుని మరో ఆరుగురు అదే కొట్టు ముందు ఆగారు. నరసన్నపేట వైపు నుంచి ఒక టీచరు గారు, సముద్రపు ఒడ్డు నుంచి చేపల వేటకెళ్ళే ఆయన ఒకరు, ఆమదాలవలస నుంచి ఇద్దరు తోడికోడళ్ళు, చెన్నైలో బిల్డింగు పనులు చేసే తాపీమేస్త్రి, డిగ్రీ చదివే కుర్రాడు. వాళ్ళలో వాళ్ళకూ పరిచయం ఆ ముందురోజు అరసవల్లి గుడిలోనే. ఇప్పటికీ మా ఇంట్లో పెళ్ళయితే మొదటి కార్డులు వాళ్ళకే వెళ్తాయి.

అందుకే వెళ్ళండి అంటాను. అయితే బయల్దేరక ముందే ఆ ఏడుగురితో ఒక మాట తేల్చుకోండి: పగలు ఎవరి నడక వాళ్ళది, రాత్రి మకాం మాత్రం అందరిదీ ఒకటే. దీనికి ఒప్పుకోకపోతే వేరే బ్యాచ్ చూసుకోవడం మేలు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఒక ఏడు నేను దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేశాను. అప్పుడు మేం 14 మందిమి. అప్పటికే నాలుగైదు సార్లు నడిచినవాణ్ణని నన్ను పెద్దగా పెట్టారు. గోవింద నామాలు చెప్పుకుంటూ అందరూ ఒకే వరసలో నడవాలి, ఎవరూ ముందుకు పోకూడదు, వెనకబడకూడదు అని రూలు పెట్టాను. చూడ్డానికి బాగానే ఉంది. రెండో రోజు మధ్యాహ్నానికి ఒకాయన, యాభై దాటిన మనిషి, మడమ ఆన్చకుండా నడుస్తున్నాడు. అడిగితే "ఏం లేదండీ, రాయి గుచ్చుకుంది" అన్నాడు. తన వల్ల అందరూ ఆగిపోతారని మొహమాటం. ఆయనకు షుగర్ ఉందని మాకు తెలియదు. షుగర్ ఎక్కువ ఏళ్ళుగా ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, పుండు పడినా పెద్దగా నొప్పి తెలియదు. మూడో రాత్రి జ్వరం వచ్చాక సాక్స్ విప్పితే మడమంతా చీము. అప్పటికప్పుడు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. కాలు దక్కింది గానీ నెల రోజులు మంచం మీదున్నాడు. ఆయన భార్య నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

ఆ తర్వాతి ఏడు నుంచి పద్ధతి మార్చాను. తెల్లవారుజామున అందరం కలిసే బయల్దేరతాం. ఎనిమిదిన్నర ప్రాంతంలో టిఫిన్ ఎక్కడో, రాత్రి పడక ఎక్కడో ముందే అనుకుంటాం. మధ్యలో ఎవరు ఎవరితో నడుస్తారన్నది వాళ్ళ ఇష్టం. పొడుగు మనిషి అడుగులు కుదించుకుని నడిస్తే సాయంత్రానికి మోకాళ్ళు పట్టేస్తాయి. పొట్టివాళ్ళు అంగలు సాచి అందుకోబోతే పిక్కలు లాగేస్తాయి. ఎవరి అడుగు వాళ్ళు వేస్తే 20 కిలోమీటర్లు పెద్ద లెక్క కాదు. వెనక మాత్రం రోజుకొకరు వంతు తీసుకుంటాం. ఆ రోజు ఆ మనిషి వెనక మనవాళ్ళెవరూ ఉండకూడదు. మకాంలో ఆయన అడుగు పెట్టాకే అన్నాలు.

ఇంకోటి, బయల్దేరే ముందు రాత్రి అందరూ కూర్చుని ఎవరికి షుగర్, ఎవరికి బీపీ, ఎవరు ఏ మాత్రలు వేసుకుంటున్నారు, ఇంట్లో ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నది మొహమాటం లేకుండా చెప్పుకోండి. మాకు ఆ సంగతులు చెప్పుకోవడానికి పది నిమిషాలు పడితే, కబుర్లు అర్ధరాత్రి దాకా సాగేవి.

ఇక దారి. అరసవల్లి నుంచి సింహాచలం సుమారు 100 కిలోమీటర్లు. నాలుగు రోజుల్లో ముగించేవాళ్ళున్నారు, మీరు ఐదు పెట్టుకోండి. మొదటి రోజు చిలకపాలెం దాటి రణస్థలానికి కాస్త ఇవతల ఆగాలి. ఉత్సాహం కొద్దీ రణస్థలం దాకా వెళ్ళిపోదామంటారు ఎవరో ఒకరు, వినకండి. రెండో రోజు పైడిభీమవరం. మూడో రోజు పూసపాటిరేగ మీదుగా నాతవలస. విజయనగరం నుంచి వచ్చే రోడ్డు హైవేలో కలిసేది అక్కడే, మా ఊరివాళ్ళు కొందరు అక్కడ జత కలుస్తారు. నాలుగో రోజు భోగాపురం దాటి తగరపువలస. ఆ రోజు దూరం కావాలనే తక్కువ పెట్టాను, కాళ్ళకు విశ్రాంతి. అక్కడి గోస్తని నదిలో నీళ్ళుంటే ఒడ్డున కూర్చోండి, లేకపోతే పడుకోండి. ఐదో రోజు ఆనందపురం, అక్కడి నుంచి శొంఠ్యాం మీదుగా అడవివరం. అదే పెద్ద రోజు, కానీ కొండ కనబడటం మొదలయ్యాక ఎవరికీ దూరం గుర్తుండదు.

హైవే ఇప్పుడు ఆరు వరసలు. నీడ తక్కువ, శబ్దం ఎక్కువ. సర్వీసు రోడ్డు ఉన్నచోట దాని మీదే నడవండి. లేనిచోట కుడివైపు అంచున, ఎదురొచ్చే బళ్ళు కనబడేలా నడవాలి. వెనక నుంచి వచ్చే లారీని నమ్మలేం, ఎదురొచ్చేదాన్ని కనీసం చూస్తాం. రాంగ్ రూటులో వచ్చే మోటారు సైకిళ్ళు మాత్రం వెనక నుంచే వస్తాయి, కాబట్టి చెవిలో పాటలు పెట్టుకోకండి. మూడున్నరకే చీకట్లో నడక మొదలవుతుంది గనక, సంచి వెనక మెరిసే రేడియం టేపు అంటించుకోండి, చేతిలో టార్చి ఉండాలి. ఊళ్ళ దగ్గర కుక్కలుంటాయి. కర్ర చూపిస్తే చాలు, విసరక్కర్లేదు.

పొద్దున తొమ్మిదిన్నర దాటాక నడవొద్దు. ఆషాఢంలో వాన పడుతుందనుకుంటాం గానీ, పడని రోజు మన తీరప్రాంతపు ఉక్క ఎండకంటే దారుణం. ఎక్కడో గుడి మండపంలో పడుకుని, నాలుగున్నరకు లేచి, చీకటి పడేలోపు మిగతా దూరం ముగించాలి. నేను చెప్పిన 20 కిలోమీటర్లలో 14 వరకు పొద్దుటే అయిపోవాలి.

కాళ్ళ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే సగం మంది ఆగిపోయేది ఇక్కడే. బొబ్బ వచ్చేది నడక వల్ల కాదు, తడి వల్ల, ఒరిపిడి వల్ల. చెమటకో వానకో సాక్స్ తడిసి చర్మం మెత్తబడుతుంది, ఆ మెత్తటి చోటే బూటు రాసుకుంటుంది. అందుకే ప్రతి రెండు గంటలకూ కూర్చుని, బూట్లు విప్పి, పాదాలు ఆరబెట్టి, సాక్స్ మార్చాలి. మూడు జతలుండాలి. తడిసినవి సంచికి పిన్నీసుతో తగిలిస్తే నడుస్తుండగానే ఆరిపోతాయి. బయల్దేరే ముందు మడమకు, వేళ్ళ సందుల్లో వ్యాజిలిన్ పట్టించండి. గోళ్ళు బయల్దేరేరోజు కాకుండా నాలుగు రోజుల ముందే తీసుకోండి. కొత్త బూట్లు కొనకండి. కొంటే రెండు నెలల ముందు కొని, అరసైజు పెద్దది తీసుకోండి. సాయంత్రానికి పాదం వాస్తుంది.

ఎక్కడైనా చురుక్కుమన్నట్టు అనిపిస్తే అక్కడే ఆగండి. "వచ్చే ఊళ్ళో చూద్దాం" అన్నారంటే వచ్చే ఊరికి బొబ్బతోనే వెళ్తారు. ఎర్రబడిన చోట మెడికల్ టేపు అతికిస్తే సగంసార్లు అక్కడితో పోతుంది.

బొబ్బ వచ్చేసిందనుకోండి. రెండో ఏడు నాకు ఎడమ బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత వచ్చింది. పైడిభీమవరంలో ఒక రామాలయం అరుగు మీద కూర్చుంటే, ఆ వేటకెళ్ళే ఆయన నా కాలు తన ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను వెనక్కి లాక్కోబోతే "ఉండండి మేస్టారూ, చేపనే పట్టుకున్నోడికి కాలు ఒక లెక్కా" అన్నాడు. మాలో మేస్టారు ఆ టీచరు గారు కాదు, నేనేనని అనుకున్నాడు, చివరిదాకా అలాగే పిలిచాడు. వలలు అల్లే చెయ్యి. సూదిని అగ్గిపుల్ల మంటలో కాల్చి, చల్లారనిచ్చి, బొబ్బకు కింది అంచున రెండు చోట్ల గుచ్చి, శుభ్రమైన గుడ్డతో మెల్లగా అద్దాడు. నీరంతా వచ్చేసింది. పై చర్మం మాత్రం తియ్యలేదు. అది తీస్తే కింద పచ్చిగా ఉంటుంది, అడుగు వెయ్యలేం. ఆయన దారం ఎక్కించి లోపలే వదిలేద్దామన్నాడు, మన వైపు చాలామంది చేసేది అదే. నేను వద్దన్నాను. ఆ దారం వెంటే మురికి లోపలికి పోతుంది. మందు రాసి, దూది పెట్టి, టేపు చుట్టాం. మర్నాడు నడిచాను. ఇప్పుడైతే మంటలో కాల్చిన సూది కూడా వాడను, స్పిరిట్ దూది వెంట ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ళు ఇలాంటి సొంత వైద్యం చేసుకోకూడదు, డాక్టరు దగ్గరికే వెళ్ళాలి.

చెప్పుల్లేకుండా నడుస్తానని మొక్కుకోలేదు కదా? మీరు రాయలేదు. మొక్కుకుంటే ఆఖరి పది కిలోమీటర్లకు సరిపెట్టమని దేవుణ్ణి అడగండి. తారు రోడ్డు మీద మధ్యాహ్నం పూట వట్టి కాళ్ళతో నడవడం భక్తి కాదు, మొండితనం.

సిగ్గుపడి ఎవరూ చెప్పనిది ఇంకోటి ఉంది. తొడలు ఒరుసుకుంటాయి. రెండో రోజు చాలామంది కాళ్ళు ఎడంగా వేసుకుని నడిచేది దానివల్లే. కొబ్బరినూనె రాసుకోండి, వానలో తడిస్తే లోపలి బట్టలు వెంటనే మార్చుకోండి. బ్యాచ్‌లో ఆడవాళ్ళుంటే మకాం, టిఫిన్ ఎక్కడన్నది వాళ్ళ సౌకర్యం చూసి పెట్టుకోవాలి. టోల్‌గేటు దగ్గర, పెద్ద పెట్రోలు బంకుల్లో బాత్రూములుంటాయి. మా తోడికోడళ్ళు దారిలో ఉన్న ప్రతి బంకునూ నోటికి లెక్క చెప్పేవారు. ఆ లెక్క మాకందరికీ పనికొచ్చింది.

ప్రాక్టీసు గురించి: హైదరాబాదులో పార్కు ట్రాకు మీద నడిచి సరిపోయిందనుకోకండి. ఆ మెత్తటి మట్టి వేరు, మన హైవే వేరు. ఆరు వారాల ముందు నుంచి శనివారం 15, ఆదివారం మళ్ళీ 12 కిలోమీటర్లు రోడ్డు మీద, సంచి భుజాన వేసుకుని నడవండి. వరసగా రెండు రోజులు అన్నదే ముఖ్యం. ఒక్కరోజు 25 ఎవరైనా నడుస్తారు, రెండో రోజు లేచి మళ్ళీ బూట్లు తొడుక్కోవడంలోనే ఉంది కష్టమంతా. సంచి 6 కిలోలు దాటకూడదు. రెండు జతల బట్టలు, తువ్వాలు, పల్చటి దుప్పటి, వాన కోటు, మందులు, ఛార్జరు, దోమల బత్తీలు. లాప్‌టాప్ తెచ్చినవాణ్ణి కూడా చూశాను, మీరు ఐటీ అంటున్నారు కాబట్టి చెప్తున్నాను.

తిండికి లోటుండదు. ఆషాఢ పౌర్ణమికి నడిచేవాళ్ళని దారి పొడుగునా గుర్తుపడతారు. కందివలస గెడ్డ దగ్గర ఒక మామ్మ మమ్మల్ని చూసి, "ఏటి బావూ, సిమ్మాచలమేనా? కూకోండి, అంబలి తాగి ఎల్దురు గాని" అంది. చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, నంచుకోడానికి ఉప్పుమిరప. ఐదు నక్షత్రాల హోటల్లో తిన్నవాణ్ణి కాదు గానీ, తిన్నా దీనికి సాటి వచ్చేది కాదని నా నమ్మకం. డబ్బులివ్వబోతే తిట్టింది. నీళ్ళు మాత్రం ఊరికే గడగడా తాగకండి. చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఉప్పు వేసిన మజ్జిగో, లీటరు నీళ్ళలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టో రోజుకు ఒకటి రెండుసార్లు పడాలి, లేకపోతే రాత్రి పిక్కలు పట్టేస్తాయి. పులిహోర రాత్రిపూట మిగుల్చుకుని పొద్దున తినొద్దు, ఆ ఉక్కకు పాడవుతుంది.

డబ్బుల దగ్గర తేడాలు వస్తాయి, కొత్త స్నేహాల్లో మరీను. మేం తలా ఇంత అని మొదటే వేసి, తోడికోడళ్ళలో చిన్నావిడ చేతికిచ్చేవాళ్ళం. ఆవిడ కాయితం మీద రాసేది, ఎవరడిగినా చూపించేది. చివర్లో 340 రూపాయలు మిగిలితే వాటితో ఏం చెయ్యాలో గంటసేపు వాదించుకున్నాం. హుండీ అన్నారొకరు, టీచరు గారు తిరిగి పంచమన్నారు. కుర్రాడు ఈలోపు వెళ్ళి జీళ్ళు కొనుక్కొచ్చేశాడు.

పడకకు గుడి అరుగులు, బడి వరండాలు, కల్యాణ మండపాలు. ఊళ్ళోకి చీకటి పడకముందే చేరి, సర్పంచ్‌నో పూజారినో కలిసి అడిగితే కాదనరు. చీకటి పడ్డాక పది మంది కొత్తవాళ్ళు వస్తే ఎవరికైనా అనుమానమే, వాళ్ళ తప్పు కాదు.

గిరి ప్రదక్షిణ కూడా చేస్తామని మీ వాళ్ళన్నారట. అది 32 కిలోమీటర్లు. పౌర్ణమి ముందు రోజు తొలిపావంచా (కొండమెట్లలో మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెడతారు. అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్ దగ్గర సముద్రం, మాధవధార, గోపాలపట్నం మీదుగా తిరిగి కొండ కిందికి వస్తారు. లక్షల్లో జనం. 100 కిలోమీటర్లు నడిచొచ్చి వెంటనే దీంట్లో దిగొద్దు. నా మాట వింటే ద్వాదశి నాటికే కొండ కిందికి చేరేలా బయల్దేరండి. త్రయోదశి పూర్తిగా పడుకుని, చతుర్దశి మధ్యాహ్నం మొదలుపెట్టండి. లేదూ, మొక్కు శ్రీకాకుళం నుంచి నడకే కదా, ప్రదక్షిణ వచ్చే ఏడు పెట్టుకోండి. పౌర్ణమి నాడు క్యూలో నాలుగైదు గంటలు నిలబడటం నడకకంటే కష్టం, ఆగిన కాలు వాస్తుంది.

దర్శనంలో స్వామి చందనంలోనే కనిపిస్తారు. నిజరూపం ఏడాదికి ఒక్క రోజే, అక్షయ తృతీయ నాడు. ఆ రాత్రి నుంచి నాలుగు విడతలుగా మూడేసి మణుగుల చందనం సమర్పిస్తారు. నాలుగోది, ఆఖరిది, ఈ ఆషాఢ పౌర్ణమికే. మీరు వెళ్ళేసరికి స్వామి నిండుగా ఉంటారన్నమాట. కప్పస్తంభాన్ని కౌగిలించుకునేటప్పుడు అమ్మగారి పేరు చెప్పుకోండి.

ఇక మీ చివరి ప్రశ్న, మధ్యలో ఆగిపోతే ఏమిటని. నేను పూజారిని కాను, శాస్త్రం ఏం చెబుతుందో చెప్పలేను. మా మేస్త్రి సంగతి చెప్తాను. ఆ రెండో ఏడు పూసపాటిరేగ చేరేసరికి ఆయన మోకాలు గుమ్మడికాయలా వాచింది. బస్సు ఎక్కించబోతే ఎక్కనని పట్టుబట్టి, అక్కడున్న టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఏడ్చాడు. కూతురికి మాటలు ఆలస్యంగా వచ్చాయట, దానికి మొక్కు. టీచరు గారే నచ్చజెప్పి వెనక్కి, శ్రీకాకుళం బస్సు ఎక్కించారు. ముందుకు ఎక్కిస్తే బస్సులో వెళ్ళి దర్శనం చేసుకున్నానన్న బాధ మిగులుతుందని ఆయన లెక్క.

మరుసటి ఏడు మేం శ్రీకాకుళంలో కలుసుకున్నాం, మేస్త్రి రాలేదు. ఫోన్ కలవలేదు. సరే, చెన్నైలో పనిలో ఉన్నాడేమో అనుకుని బయల్దేరాం. మూడో రోజు పొద్దున పూసపాటిరేగలో అదే టీ కొట్టు, అదే బల్ల, దాని మీద మేస్త్రి. బూట్లు తొడుక్కుని, తాళ్ళు బిగించుకుని సిద్ధంగా ఉన్నాడు. "ఏటి, ఇప్పుడా రావడం? నాను రాతిరే బస్సు దిగిపోనాను" అన్నాడు. టీలు ఆరు చెప్పి ఉంచాడు, డబ్బులు కూడా ఇచ్చేశాడు. మేం వచ్చింది నలుగురమే, తోడికోడళ్ళు ఆ ఏడు రాలేదు. మిగిలిన రెండూ తనే తాగేసి, మూతి తుడుచుకుని, సంచి తగిలించుకున్నాడు.